గేదె లేని పాలకు గేదెపాలకన్న వెల యేల?



ఈ సంవత్సరము దివిసీమలో నాగాయలంక దాపుననున్న యొక పల్లెకు పోయి, వరికోతకు ముందు చల్లిన పిల్లిపెసర యెట్లు మొలచినదో చూచి, సాయంకాలమునకు పాలకేంద్రపు అరుగుపైని కూర్చుంటిని. పాలు పోయువారు వరుసగా వచ్చుచుండిరి. వారిలో నొక వృద్ధ రైతు నా ప్రక్కకు వచ్చి యిట్లనెను: “మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడండి. అక్కడ కాఫీ అంగళ్లలో ఓట్సు పాలని కొత్తరకం పాలు వచ్చాయట. వాటితో కాఫీ కావాలంటే మామూలు పాలకాఫీ మీద ఇంకో అరవై రూపాయలు ఎక్కువ పుచ్చుకుంటున్నారట. ‘లోకం అటు పోతోంది నాన్నా, గేదెల్ని అమ్మెయ్యి’ అని ఫోనులో చెప్పాడండి. మీరేమంటారు?”

నేను మాటాడకమునుపే, పాలచెంబు చేతబట్టుకొనియున్న ఆయన భార్య కలుగజేసికొనెను: “బాబుగారూ, తెల్లారకముందే లేచి పేడ తీసి, కుడితి పెట్టి, పాలు పితికి తెస్తే మా పాలకేమో ఈ వెల. గేదే లేని పాలకి అంతకన్న ఎక్కువ వెలా? ఇదెక్కడి న్యాయమండీ?”

ఆ దినమున నేను వారికి సరియైన ప్రత్యుత్తర మీయజాలనైతిని. గేదెల నమ్మవద్దని మాత్రము చెప్పి వచ్చితిని. అది సలహాయే కాని సమాధానము కాదు. ఆ యిల్లాలి ప్రశ్న నన్ను బందరు వచ్చువరకును విడువలేదు. ఇట్టి ప్రశ్న మన సంఘములలో ననేకులకు కలుగుచుండును గనుక, నాకు తెలిసినంతవరకు దాని సంగతి సభ్యులందరికిని విన్నవించుట నా విధియని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మొదట ఈ క్రొత్త పాలేవియో తెలిసికొందము. ఓట్లు, బాదము, సోయా మొదలగు గింజలను నీటిలో నానబెట్టి, రుబ్బి, వడగట్టి, మరగకాచి, డబ్బాలలో నింపి యమ్ముదురు. మన యిండ్లలో కొబ్బరిపాలు తీయు విధమువంటిదే యీ పని. ఓట్ల పానీయమున నూటికి పదిపాళ్లు మాత్రమే గింజ. తక్కినదంతయు నించుమించుగ నీరే. కొంచెము నూనెయు, ఉప్పును, సున్నపు సత్తువయు పిదప చేర్చుదురు. బాదము పానీయములలో పెక్కింటి యందు బాదము నూటికి రెండు మూడు పాళ్లకు మించదు. మాంసకృత్తుల మాట చూడుడు. మన గేదెపాలలో నూటికి నాలుగు పాళ్ల వరకు కలవు. సోయాపాలలో మూడు, ఓట్ల పాలలో ఒకటి, బాదముపాలలో అరపాలు. కావున బలమునందు గేదెపాలకు కొంత సాటివచ్చునది సోయా యొక్కటియే. తక్కినవి రుచికొరకును, పాలు పడనివారి కొరకును ఏర్పడినవి.

పాలు పడనివారు నిజముగ కలరా యని కొందరు పరిహసింతురు. కలరు. పాలలో లాక్టోసు అను పాలచక్కెర కలదు. శిశువు కడుపులో దానిని జీర్ణముచేయు ద్రవ్యము సమృద్ధిగ నుండును. వయసు వచ్చిన పిదప పెక్కుమందిలో నది తగ్గిపోవును. మన దేశమున ఉత్తరాదివారికంటె దక్షిణాదివారిలో ఇట్టివా రెక్కువ. మన పెద్దలు పెరుగును, మజ్జిగను నంతగా వాడుట ఊరక కాదు. పాలు తోడుకొన్నపుడు ఆ చక్కెర కొంత తరిగిపోవును. కాఫీలో పోయు కొద్దిపాలు చాలమందికి బాధ కలిగింపవు గాని, పట్టణపు అంగళ్లలో నిచ్చు పెద్ద గిన్నెడు కాఫీ వేరు సంగతి. మరికొందరు జీవకారుణ్యము చేతను, గేదెలు ఆవులు నెమరువేయునపుడు వెలువడు మీథేను వాయువువలన భూతాపము హెచ్చుచున్నదను తలంపు చేతను పాలు మానుచున్నారు. ఈ రెండవమాట మనము త్రోసివేయదగినది కాదు. సముద్రపు టొడ్డున నుండి చౌడును తుపానులను ఎరిగిన మనము అసలే త్రోసివేయరాదు. అయినను మనవైపున చెప్పవలసిన మాటయు నొకటి కలదు. మన డెల్టా గేదె తినునది మనుష్యుడు తినలేని వరిగడ్డి, తవుడు, చెక్క. బాదమో, మన దేశమునకు చాలవరకు అమెరికానుండి ఓడలలో వచ్చునది. అచ్చట కాలిఫోర్నియాలో నీటికి కటకటలాడుచు పండించునది. కావున ఏ పాలును మచ్చలేనివి కావు.

ఇక వెల సంగతి. ఈ యదనపు రుసుము మీద లోకమున కొన్నియేండ్లుగా పెద్ద తగవు జరిగినది. ఇంగ్లండులో ప్రెట్ అను కాఫీయంగళ్లవారు 2020లో దానిని తీసివేసిరి. స్టార్‌బక్సు అను అమెరికా కంపెనీవారు 2022 జనవరిలో బ్రిటనునందు తీసివేసిరి గాని, తమ స్వదేశమున విడువలేదు. 2024లో కాలిఫోర్నియా న్యాయస్థానమున పాలు పడనివారు కొందరు, “మా శరీరధర్మమునకు మాచేత జరిమానా కట్టించుచున్నారు” అను భావముతో ఆ కంపెనీపై వ్యాజ్యము వేసిరి. ప్రసిద్ధ గాయకుడగు పాల్ మెకార్ట్నీ ఆ రుసుమును తీసివేయుమని కంపెనీ యధిపతికి లేఖ వ్రాసెను. తుదకు 2024 నవంబరు 7వ తేదీనుండి అమెరికా, కెనడా దేశములలో స్టార్‌బక్సువా రా రుసుమును రద్దుచేసిరి. డంకిన్ కంపెనీవారు 2025 మార్చిలో అట్లే చేసిరి.

మన దేశమున తగవు వేరు రూపము దాల్చినది. వెలకన్న ముందు పేరునుగూర్చి జరిగినది. పాలనగా ఆరోగ్యముగల పాడిపశువు పొదుగునుండి పితికినవే యని మన చట్టము చెప్పును. దాని ననుసరించి భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థవారు 2021లో గింజల పానీయముల డబ్బాలపైని పాలు అను మాట వ్రాయరాదని యాజ్ఞాపించిరి. కొబ్బరిపాలు అనునది అనాదిగ వాడుకలోనున్న పేరగుటచే దానిని మినహాయించిరి. పన్ను విషయములో గూడ పూర్వము భేదము మెండుగ నుండెను. విడిపాలకు జీయస్టీ లేదు. సోయా పానీయమునకు నూటికి 12, తక్కిన గింజల పానీయములకు నూటికి 18 రూపాయలు పన్ను. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి ఆ రెంటికిని నూటికి 5 రూపాయలకు తగ్గించిరి. అదే దినమున, వేడిచేసి డబ్బాలో మూసి నెలలకొలది నిలువయుంచు పాలమీది 5 రూపాయల పన్నును బొత్తిగ తీసివేసిరి. కావున, సర్కారు పన్నుచేతనే యీ పానీయములు ప్రియమైనవని చెప్పుట కిపు డంతగా వీలులేదు.

మరి యెందుకు ప్రియము? నేను చిన్నతనమున మిషను బడిలో చదువుచుండగా మాకొక లెక్కల పంతులుగారుండిరి. ఏ లెక్క చెప్పినను, జవాబు వచ్చిన పిమ్మట, “బాగున్నదోయ్, ఎవరి జేబులోనుండి ఎవరి జేబులోనికి పోయినది?” అని యడుగువారు. లాభనష్టముల లెక్క తెలియుట కంతకన్న మంచి ప్రశ్న నాకు నేటివరకు దొరకలేదు. ఆ ప్రశ్ననే కాఫీగిన్నెకు వేసి చూతము. ఇందలి అంకెలు లెక్కకొరకు నేననుకొన్నవి. మీ సంఘపు పాసుపుస్తకములోని రేటు వేసికొని మీరే మరల లెక్కగట్టుకొనవచ్చును.

వెన్న కిలో 800 రూపాయల చొప్పున సంఘము చెల్లించుచున్నదనుకొందము. ఆరుశాతము వెన్నగల గేదెపాలు కిలోకు 60 గ్రాముల వెన్న. అనగా 48 రూపాయలు. లీటరుకు సుమారు 50 రూపాయలనుకొనుడు. పట్టణపు అంగడిలో ఒక పెద్ద గిన్నె కాఫీకి 200 మిల్లీలీటర్ల పాలు పట్టుననుకొందము. అనగా లీటరునకు ఐదు గిన్నెలు. గిన్నెకు రైతుకు చేరినది 10 రూపాయలు. పాలప్యాకెట్టు లీటరు 70 రూపాయలైనచో, అంగడివానికి గిన్నె పాలకైన ఖర్చు 14 రూపాయలు. ఆ పదునాల్గింటిలో పది రైతువి.

ఇపుడు ఓట్ల పానీయము. డబ్బా లీటరు 250 రూపాయలనుకొందము. గిన్నెకు 50 రూపాయలు. దానిలోనున్న ఓట్లెన్ని? లీటరుకు 100 గ్రాములు. గిన్నెకు 20 గ్రాములు. ఓట్లు కిలో 50 రూపాయలకు రైతు అమ్మెననుకొన్నను, 20 గ్రాములకు వచ్చునది ఒక్క రూపాయి! ఏబది రూపాయలలో ఓట్ల రైతుకు ఒకటి. గేదె రైతుకు పదునాల్గింటిలో పది. తక్కిన 49 రూపాయలు యంత్రమునకు, డబ్బాకు, దూరపు రవాణాకు, నిలువకు, ప్రకటనలకు, కంపెనీ లాభమునకు, నడిమి వర్తకులకు పోయినవి. కొనువారు తక్కువగుటచే ఈ ఖర్చులన్నియు కొలదిపాటి సరకుపైననే పడుచున్నవి. ఇదియే యా ప్రియమునకు మూలము.

నాగాయలంక యిల్లాలి ప్రశ్నకు సగము ప్రత్యుత్తర మిందున్నది. అమ్మా, గేదె లేని పాలకు వెల యెక్కువగుట ఆ పాలు గొప్పవగుటచేత కాదు. వాని రైతు నీకన్న భాగ్యవంతుడగుటచేతను కాదు. వెల యెక్కువైన చోటెల్ల రైతున కెక్కువ చేరునని తలచుట పెద్ద పొరపాటు. గుజరాతులో కైరా జిల్లా సంగతి మన సహకారులెల్లరు విన్నదే. 1945లో బొంబాయి నగరమునకు పాలు పంపు ఏర్పాటు జరిగెను. పట్టణమున పాలకు మంచి వెల పలికినను రైతుకు చేరినది స్వల్పము, నడిమివారికే మిగులు. రైతులు పాలుపోయుట మాని సమ్మెచేసి, త్రిభువన్‌దాసు పటేలుగారి నాయకత్వమున 1946 డిసెంబరులో తమ సంఘమును రిజిస్టరు చేసికొనిరి. నేడు అమూల్ వారు కొనువాని రూపాయిలో 80 పైసలకు పైగా రైతుకు చేర్చుచున్నామని చెప్పుకొనుచున్నారు. మన విజయవాడ పాలసమితియు ఆ మార్గమున నడచినదే. అట్టి సంఘము మనకు కలదు. ఇది మన గొప్పతనము కాదు, మన పెద్దలు పెట్టిపోయిన ఆస్తి.

ఇక అదనపు రుసుము న్యాయమా, అన్యాయమా? పై లెక్కలో అంగడివాని ఖర్చు భేదము 36 రూపాయలు. అతడు 36 రూపాయలే యెక్కువ పుచ్చుకొన్న న్యాయము. 60 పుచ్చుకొన్నచో 24 రూపాయలు ఓట్ల పేరుచెప్పి తీసిన లాభము. పోనీ, అమెరికావారివలె రుసుము తీసివేసెననుకొందము. ఆ 36 రూపాయలు మాయమగునా? కావు. నూరు కాఫీలలో పది ఓట్లవైనచో 360 రూపాయలు నూరు కాఫీలపైని పరచవలెను. గిన్నెకు మూడున్నర రూపాయలకు పైబడును. గేదెపాలకాఫీ త్రాగువాడు ఓట్లకాఫీవాని వెలలో కొంత మోయునన్నమాట. లేదా అంగడివాడు తన లాభములో తగ్గించుకొనవలెను. అంగడివాడు దేనిని కోరుకొనునో చెప్ప నక్కరలేదు. పంతులుగారి ప్రశ్న యిచ్చట మరల వేయదగినది: ఎవరి జేబులోనుండి ఎవరి జేబులోనికి?

కొందరు సభ్యులు, “ఈ రుసుము మన పాడికి కోటగోడ వంటిది, దానిని ప్రభుత్వము చట్టముచేసి నిలుపవలె” నని నాతో వాదించిరి. వారితో నేనేకీభవింపజాలను. మూడు కారణములు చెప్పెదను.

మొదటిది, అది మనము కట్టిన గోడ కాదు. అంగడివాడు తన లాభముకొరకు కట్టెను; లాభము తగ్గునని తోచిన నాడు తానే పడగొట్టును. అమెరికాలో జరిగినది అదియే. ఎంతమంది అడుగుచున్నారో చూచుకొని తీసివేసిరి. ఇతరుని గోడ నీడలో గేదెను కట్టివేసికొన్నవాడు గోడ కూలిన నాడు గేదెతోగూడ నష్టపోవును.

రెండవది, పాలు పడనివానికి జరిమానా వేసి మనము బాగుపడగోరుట ధర్మము కాదు. వాడు మన పాలు మానుట మనపై ద్వేషముచేత కాదు. వానియింట తక్కినవారు మన పెరుగును, నేతిని కొనుచుండవచ్చును. నోరు తిరిగినవారిని శత్రువులుగ చేసికొనుట వర్తకమునకును మంచిది కాదు.

మూడవది, సహకార ధర్మము. మన సంఘములో పాలకు వెల యెట్లు కట్టుదురు? గేదె రంగును చూచియా, రైతు కులమును చూచియా? కాదు. వెన్న యెంత, వెన్నగాక మిగిలిన ఘనపదార్థమెంత అని కొలిచి కట్టుదురు. చెంబులో నేది యున్నదో దానికే వెల. మనకు న్యాయమని తోచిన యీ పద్ధతిని కాఫీగిన్నెకును కోరవలెను గాని, మనకొక తక్కెడ, యితరుల కొక తక్కెడ కోరరాదు. గిన్నెలో నేది యున్నదో, ఎంత యున్నదో, దానికే వెల. ఎక్కువైనచోట ఎక్కువ, కాని ఖర్చు భేదమునకు మించి కాదు.

నేను విజయవాడలో నొక కాఫీయంగడికి పోయి పలకపైని వెలలను చదివితిని. ఓట్ల కెంత యెక్కువో వ్రాసియుండెను. గిన్నెలో పాలెన్ని పోయుదురో, అవి గేదెపాలో ఆవుపాలో, వెన్న యెంతయో ఒక్క ముక్కయు లేదు. అచ్చటి కుర్రవాని నడిగితిని. పాపమతనికి తెలియదు, నవ్వి, “పాలేనండి” అనెను. మన పాలకేంద్రమున చెంబెడు పాలకు వెన్నశాతము దశాంశములతో సహా చీటీపైని వ్రాసి యిత్తురు. పల్లెలో పదిరూపాయల పాలకు అంత లెక్క. పట్టణమున రెండువందల యేబది రూపాయల గిన్నెకు లెక్కయే లేదు. నాకు కోపము వచ్చినది ఓట్లమీద కాదు, దీనిమీద.

కావున మన తగవు గేదెకును ఓట్లగింజకును కాదు. పొలమునకును గిన్నెకును మధ్యనున్న చీకటితో మన తగవు. ఆ చీకటిలో ఓట్ల రైతు రూపాయియు పోయినది, మన పది రూపాయల విలువయు మరుగుపడినది. ఇది గ్రహించినచో మనము చేయవలసిన పనులు వాటంతట అవియే తోచును. నాలుగింటిని మాత్రము మనవిచేసెదను.

ఒకటి. మన సంఘముల సర్వసభ్య సమావేశములలో తీర్మానముచేసి పాలసమితివారికి పంపవలెను. సమితి దుకాణములలో కాఫీ యమ్మునెడల, గిన్నెకు పాలెన్ని, వెన్న యెంత, అందు రైతుకు చేరినదెంత అను మూడు సంగతులు పలకపైని వ్రాయింపవలెను. మనము ముందు వ్రాసిన, పెద్ద అంగళ్లవారిని గూడ వ్రాయుడని యడుగుటకు మనకు నోరుండును.

రెండు. పాలలో నీరు కలుపువాడు మన పాలిటి శత్రువని యెరుగవలెను. ఓట్ల డబ్బాపైని నీరున్నదని వ్రాసి యమ్ముదురు. మనవాడొకడు వ్రాయకుండ కలుపును. ఇర్వురిలో నెవరు మేలో చదువరులే చెప్పుదురు గాక. పాలు అను పేరు మనదే యని 2021లో ప్రభుత్వము నిలిపినది. ఆ పేరు నిలుపుకొను భారము మన చెంబులపై నున్నది.

మూడు. పాలకు వెల పెంచుట మన చేతిలో కొంతయే కలదు. ఖర్చు తగ్గించుట చాలవరకు మన చేతిలోనిదే. నేడు కోతయంత్రములు వచ్చి గడ్డి పొలముననే చెదరిపోవుచున్నది, కొన్నియెడల కాల్చివేయుచున్నారు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు హెచ్చి బీళ్లు తగ్గినవి. గడ్డి కొనవలసివచ్చి, దాణా ధర భరింపలేక, గేదెల నమ్ముకొనినవారే నాకెక్కువ కనుపించిరి. ఓట్లపాలకు వెరచి యమ్మినవారు కానరారు. వరి తరువాత మినుము, పెసర వేయు మాగాణిలో నొక మూల జనుమునకో, పిల్లిపెసరకో విడువుడు. పచ్చిమేత పశువునకు, సత్తువ నేలకు. వరిగడ్డి 100 కిలోలకు 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరగించి, పొరలుపొరలుగ చల్లి త్రొక్కి, గాలి చొరకుండ మూడు వారములు కప్పియుంచిన గడ్డి మెత్తబడి మాంసకృత్తుల బలము హెచ్చును. తీసిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగ అలవాటు చేయవలెను; ఆరునెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీటిని పశువు త్రాగకుండ కాపాడవలెను, అది విషము.

నాలుగు. క్రొత్తదానిని చూచి ముఖము త్రిప్పుకొనవలదు. మన తెలుగుదేశమున ఆదిలాబాదు ప్రాంతమున సోయా పండును. మన లంకలలో, తీరమున కొబ్బరి కలదు. ఈ పానీయములు త్రాగువారు నిజముగ పెరిగినచో, దూరదేశపు బాదమునకు బదులు మన గింజతో, మన సంఘము యంత్రముతో తయారుచేసి యమ్మరాదా? అపుడు రైతుకు రూపాయి కాక నాలుగైదు రూపాయలైన చేరును, డబ్బా వెలయు తగ్గును. ఈ పని రేపే చేయుడని నేను చెప్పను. కొనువారు లేనిదే యంత్రము కొన్న సంఘము అప్పులపాలగును. యోచించి యుంచుకొనుడని మాత్రము చెప్పుచున్నాను. దానిపైని పాలు అని వ్రాయక, ఉన్నపేరే వ్రాసి, ప్రక్కనే మన పాలను నుంచి, రెంటికిని నిజమైన వెల కట్టి యమ్మినచో ఏ సభ్యునికిని నష్టము లేదు.

ఇక నాగాయలంక దంపతుల మాట. వారి కుమారునిపై నాకు కోపము లేదు. అతడు పట్టణమున చూచినది నిజమే. తండ్రి కష్టము తగ్గవలెనని కోరుటయు మంచిదే. కాని అరవై రూపాయల రుసుమును చూచి లోకమంతయు మారినదని తలచుట, తీరమున నొక అల చూచి సముద్రము పొంగినదని తలచుటవంటిది. గేదెను ఉంచవలెనా, అమ్మవలెనా అను ప్రశ్నకు జవాబు హైదరాబాదు పలకపైని లేదు. వారి యింటి లెక్కపుస్తకములో నున్నది. దాణా, గడ్డి, మందులు, వట్టిపోయిన నెలలు, ఇంటివారి పని, అన్నియు ఒకప్రక్క. పాలు, దూడ, పేడ యెరువు మరియొకప్రక్క వ్రాయుడు. ముఖ్యముగ ఆ యిల్లాలి పనికి గూడ కూలి కట్టి వ్రాయుడు. మనవారు వ్రాయక విడుచు పద్దు అదియే. ఆమె తెల్లవారుజాము పనికి సున్న వేసినంతకాలము ఏ పాలకు ఏ వెల న్యాయమో మనకే తెలియదు. కాఫీయంగడివాని కెట్లు తెలియును?

ఈ మారు నాగాయలంకవైపు పోయినపుడు ఆ దంపతుల యరుగుపై కూర్చుండి, ఆ లెక్క వారితోనే వ్రాయింపదలచితిని. లాభము తేలినచో గేదె నిలుచును. నష్టము తేలినచో, ఎక్కడ నష్టమో కనుగొని దిద్దుకొనవచ్చును. దిద్దుటకు వీలులేనిచో అమ్ముకొనుటయు తప్పు కాదు. ఏది చేసినను కన్నులు తెరచి చేయవలెను. సభ్యులెల్లరు తమ తమ యిండ్లలో ఈ లెక్క వ్రాసి, రాబోవు సమావేశమునకు తెచ్చినయెడల, మన పాలకు మనమడుగు వెలకు బలము కలుగును.